పదకొండో రోజు ముగ్గు

నూకరాజు మొదటిసారి ఆగిపోయినప్పుడు అతని చేతిలో సగం ఒలిచిన రొయ్య ఉంది.

ఎదురుగా పీట మీద కూర్చుని కాసులమ్మ కూడా ఒలుస్తోంది. తోటికోడలి సంగతేదో చెబుతూ, మొగుడు ఊఁ కొట్టకపోయేసరికి తలెత్తి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. వేళ్ళ మధ్య రొయ్య మాత్రం అలాగే ఉండిపోయింది. పిలిచింది, భుజం పట్టి కుదిపింది, చెంప మీద నీళ్ళు చల్లింది. అరవై అంకెలు లెక్కపెట్టేంత సేపటికి అతను రొయ్య తల తుంచి గిన్నెలో వేసి, తడిసిన చెంప తుడుచుకుంటూ, ఆ తరవాత ఏమందట అని అడిగాడు.

"మనిషున్నాడండి, లోపల లేడు," అని మర్నాడు ఆమె ల్యాబుకు వచ్చి వకుళతో చెప్పింది.

నూకరాజు ముప్పై ఏళ్ళు కాకినాడ రేవులో టగ్గు మీద సరంగుగా చేశాడు. పెద్ద ఓడలకు మోకులు కట్టి, లాగి, జెట్టీకి చేర్చే పని. యాభై తొమ్మిదో ఏట మెదడుకు జ్వరం సోకింది. ప్రాణం దక్కింది గాని జ్ఞాపకం దక్కలేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి ఉండేది కాదు. తరువాత పాతవి కూడా, ఒడ్డు కోతపడినట్టు, ఒక్కొక్కటే జారిపోవడం మొదలుపెట్టాయి. ఆ సమయంలో ల్యాబువాళ్ళు అతని చెవి వెనక ఎముకలో చింతగింజంత పలక అమర్చారు. జారిపోతున్నదాన్ని పలక పట్టుకుంటుంది. కావలసినప్పుడు తిరిగి అందిస్తుంది. పెళ్ళాం ముఖం, ఇంటిదారి, ఆటుపోట్ల వేళలు అన్నీ నాలుగేళ్ళుగా అందులోనే ఉన్నాయి. బయట మరెక్కడా లేవు.

ఆ పలకకు రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి కావలి. అది వకుళ రాసిన ప్రోగ్రాము. మొదటి విడత రోగుల్లో ఒక పెద్దాయన తలలోకి ఎవరో ఆకతాయిలు బయటినుంచి ఒక గొంతు పంపారు. లేని కొడుకు వస్తున్నాడని ఆయన పోయేవరకు ఎదురుచూశాడు. వీధి తలుపు వేయనిచ్చేవాడు కాదు. ఆ తెరిచిన తలుపును చూసి వచ్చిన వారంలోనే వకుళ కావలిని రాయడం మొదలుపెట్టింది. పలకలోకి పరాయిదేదీ రాకుండా అది చూసుకుంటుంది. రెండోది పేటిక. దాన్ని పక్క బల్ల మీది హబీబ్ రాశాడు. మనిషి తలలో ఉన్నదాన్ని ల్యాబువాళ్ళయినా సరే చూడకూడదన్నది అతని పట్టుదల. పేటిక పలకలో ఉన్నదంతా ఎవరికీ అర్థం కాని రాతగా మార్చి తాళం వేస్తుంది. నూకరాజు తలకు మాత్రం ఎప్పటికప్పుడు పేటికే విప్పి అందిస్తుంది. ల్యాబు లోపలికి వెళ్ళాలంటే ఇంటివాళ్ళు తాళం తీయాలి.

కాసులమ్మకు చదువు రాదు. తాళం కోసం మాటా అంకే కుదరవు కనక, రోజూ మీ చేతికి అలవాటైన పనేమిటని వకుళే అడిగింది. ముగ్గండి, అందామె. ఒక రేకు పళ్ళెం తయారుచేయించారు. నెలకోసారి ఆమె వచ్చి దాని మీద పిండితో ఏడు చుక్కల మెలికల ముగ్గు వేసేది. ఆకారం ఒక్కటే సరిపోదు. ఏ చుక్క దగ్గర మొదలైంది, ఎక్కడ చెయ్యి తిరిగింది, ఎక్కడ పిండి సన్నబడింది, అన్నీ కలిస్తేనే తాళం. హబీబ్ సరదాకి ఇరవైసార్లు ప్రయత్నించి తెల్లమొహం వేశాడు. కాసులమ్మ పమిట అడ్డంపెట్టుకుని నవ్వింది.

రొయ్యల తరువాత నూకరాజు మరో రెండుసార్లు ఆగాడు. రెండోసారి రెండు నిమిషాలు. మూడోసారి పాత జెట్టీ మెట్ల మీద, నాలుగు నిమిషాలు. పడవవాడెవడో చొక్కా పట్టుకోకపోతే నీళ్ళలోకి వెళ్ళేవాడు. ఈలోగా మరో నలుగురు రోగుల ఇళ్ళనుంచి కూడా ఇదే కబురు వచ్చింది. ఒకామె గుడి మెట్ల దగ్గర చెప్పు విప్పుతూ, ఒకాయన గడ్డం గీసుకుంటూ.

వకుళ అయిదుగురి చిట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. అందరూ పొద్దున పది గంటల ప్రాంతంలోనే ఆగారు. కావలి పలకంతా ఒక చుట్టు తిరిగి చూసే వేళ అది. అంతకుముందు లేని ఆ పద్ధతిని ఏడు వారాల క్రితం కొత్త కావలిలో పెట్టింది తనే. తిరుగుతూ తిరుగుతూ అది పేటిక గదికి వచ్చి, లోపల అర్థం కాని రాత చూసి, ఇదేదో పరాయి సరుకని పట్టుకుంటోంది. ఎవరో తనను పట్టుకున్నారు గనక పేటిక దొంగ వచ్చాడనుకుని తాళం ఇంకా బిగిస్తోంది. ఇద్దరు కాపలావాళ్ళు ఒకరినొకరు దొంగ అనుకుని కాలరు పట్టుకుంటే, ఆ పెనుగులాట తెమిలేదాకా ఇంటాయన గుమ్మంలో నిలబడిపోతున్నాడు.

ఆ గదిలోకి తొంగిచూడకు అని కావలికి ఒక్క వాక్యం రాసిపెడితే సరిపోయేది. కానీ రాస్తే, పేటిక పక్కన పెట్టి పరీక్షించకుండానే కొత్త కావలిని మనుషుల తలల్లోకి పంపానని ఒప్పుకోవాలి.

మీటింగులో హబీబ్ మెత్తగానే చెప్పాడు, కొత్త కావలిని ఆపి పాతది పెడితే గంటలో పని తేలిపోతుందని. వీధి తలుపు తీసిపెట్టమంటావా అని వకుళ అడిగింది. ఆ మాటంటే ఎవరైనా వెనక్కి తగ్గుతారని ఆమెకు తెలుసు. ఇద్దరిలో సీనియరు గనక డైరెక్టరు వకుళ మాటకే విలువిచ్చాడు. రెండూ సర్దుకునేదాకా అయిదుగురికీ పేటిక తీసేయాలని తేల్చారు.

హబీబ్ తన ప్రోగ్రాము తీసే విధానం కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చాడు.

"ముందు తాళం తీయించు అక్కా. లోపలున్నదంతా మామూలు రాతగా మారిపోయాక, అప్పుడు పేటికని తీయి. ఈ వరస తప్పిందంటే లోపలివి లోపలే ఉండిపోతాయి. ఉంటాయి, కానీ ఇంక ఎవరికీ పనికిరావు."

నలుగురికి వకుళ ఆ వరసలోనే చేసింది. ఒక్కొక్కరికి ఆరేసి గంటలు పట్టింది. నూకరాజు అయిదోవాడు. ఆ ఉదయం పరికరాల పెట్టె, రేకు పళ్ళెం పట్టుకుని దుమ్ములపేటలో వాళ్ళింటికి వెళ్ళింది. గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి గాని ముగ్గు లేదు. ఆమె ఆ బోసితనం చూసింది, దాటుకుని లోపలికి వెళ్ళింది.

కాసులమ్మ ఎదురొచ్చి, ముట్టుకోవద్దన్నట్టు దూరంగా నిలబడి చెప్పింది. నూకరాజు అన్నగారు ఉప్పాడలో పోయి మూడు రోజులయింది. మైల. పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా ముగ్గు వేయకూడదు.

ఇది గుమ్మం కాదు, రేకు పళ్ళెమే కదా అని వకుళ నచ్చజెప్పబోయింది.

"పిండి పిండేనండి అమ్మాయిగారూ, సెయ్యి సెయ్యేనండి," అంది కాసులమ్మ. "మా బావగారు నన్ను కూతురిలా సూసుకున్నోరు. ఆరికి మైల పట్టకపోతే నేనేం మనిషినండి? ఇంకెనిమిది రోజులే. పదకొండో రోజు తానం సేసి నేనే ఒత్తాను. అందాకా ఈయన్ని కుర్చీలోంచి లేవనివ్వను. పూచీ నాది."

కుర్చీలో కూర్చుని మోకు ముక్క ఒకటి పేనుతున్న నూకరాజు నవ్వాడు. "ముప్పై ఏళ్ళు ఓడల్ని కట్టేశానండి. ఇప్పుడు ఇది నన్ను కట్టేత్తానంటంది."

వకుళ వసారాలోకి వచ్చి, పరికరం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎనిమిది రోజులు కావలిని ఆపితే చాలు. రేపు పొద్దున పదింటికి ఏమీ జరగదు, ఎల్లుండీ జరగదు. అదామెకు స్పష్టంగానే తెలుసు. కానీ ఆపడానికి డైరెక్టరుకు ఫోను చేయాలి. ఆపితే ఆగిపోవడాలు తగ్గాయని చిట్టాలో పడుతుంది. అది హబీబ్ చూస్తాడు. ఏమీ అనడు, చూస్తాడంతే. ఆపకుండా వెళ్ళిపోతే ఈ మనిషి ఏ మెట్ల మీదో పడి చస్తాడు. ఇన్నాళ్ళూ అంతా వీధి తలుపు గురించి భయమే అనుకుంటూ వచ్చింది. ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు మాత్రం, ఆ భయం కింద మరొకటి ఉన్నట్టు లీలగా తెలిసింది. దాన్ని కదిలించి చూడలేదు.

ముగ్గు వేసిన ప్రతిసారీ పేటిక తన తాళాన్ని కొద్దిగా మార్చుకుని, మారినదాని నకలు, ఆపదలో తప్ప తెరవకూడదన్న షరతు మీద, ల్యాబుకు పంపుతుంది. ఇవాళ పేటిక తీసేసి, రేపు ల్యాబులో ఆ నకలుతో లోపలివి విప్పుకోవచ్చు కదా అనిపించింది. అలా ఎవరూ ఎప్పుడూ చేయలేదు. కానీ కుదరాలి.

లోపలికి వెళ్ళి నూకరాజు చెవి వెనక పరికరం ఆనించింది. తాళం ఇంకా తీయలేదు, కొనసాగించమంటారా అని అది అడిగింది. వకుళ అవును నొక్కింది. ఇరవై నిమిషాలు. అతను మోకు పేనుతూనే ఉన్నాడు. పలక చివరిసారి అందించిన నాలుగు మాటలూ ఒక నిద్ర పట్టేదాకా తలలో నిలుస్తాయి కనక, తేడా ఏమీ కనిపించలేదు.

ముగ్గు లేకుండానే అయిపోయిందా అని కాసులమ్మ ఆశ్చర్యపోయింది. అయిపోయిందని వకుళ చెప్పింది. పెట్టె సర్దుకుని లేస్తుంటే నూకరాజు తలెత్తాడు.

"అమ్మాయిగారికి మంచినీళ్ళిచ్చావా కాసులూ?" అన్నాడు.

ఇచ్చింది. వకుళ తాగింది. అతను ఆ పేరు పలకడం అదే ఆఖరు.

మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. అవతల కాసులమ్మ గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఈయన నన్ను ఎవరు నువ్వని అడుగుతున్నారండి."

ల్యాబులో వకుళ నకలు తెరిచింది. దాని మీది తేదీ తొమ్మిది వారాల క్రితంది. ఆ తరువాత కాసులమ్మ రెండుసార్లు ముగ్గు వేసింది, తాళం రెండుసార్లు మారింది. రెండుసార్లూ పేటిక కొత్త నకలు పంపింది. రెండుసార్లూ కావలి దాన్ని గుమ్మంలోనే ఆపి చెరిపేసింది. కావలి పట్టుకున్నవాటి జాబితాలో ఆ రెండింటి పేర్లూ మిగిలాయి. ఎదురుగా 'అనుమానాస్పదం, నిలిపివేయడమైనది' అని ఉంది. ఆ మాటలు రాసింది వకుళే. మరీ కటువుగా ఉండకూడదని అప్పట్లో మూడుసార్లు మార్చి రాసింది.

అరుగు మీద కూర్చున్నప్పుడు తేదీ చూసి ఉంటే తెలిసేది. పరికరంలోనే చూడొచ్చు. రెండు నొక్కులు.

పదకొండో రోజున కాసులమ్మ తలంటుకుని, మొగుణ్ణి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. అతను మర్యాదగా, పరాయి ఆడమనిషి పట్టుకున్న చేతిని కొంచెం ఎడంగా పెట్టుకుని నడిచాడు. ఆమె కొత్త బియ్యం పిండి గుడ్డలో మూటకట్టి తెచ్చింది. రేకు పళ్ళెం కడిగి తుడిచి, కింద కూర్చుని, ఏడు చుక్కలు పెట్టి మెలికలు తిప్పింది. ఎప్పుడూ వేసేదానికంటే నెమ్మదిగా వేసింది. తెర మీద పచ్చరంగు వెలిగి 'సరిపోయింది' అని పడింది.

పళ్ళేనికి ఆ చెయ్యి గుర్తుంది. కానీ ఆ కబురు అందుకుని తలుపు తీయవలసిన పేటిక అక్కడ లేదు. హబీబ్ మరో పేటిక ఎక్కించి చూశాడు. దానికి దాని తాళమే తప్ప పాతదాని తాళం తెలియదు. నాలుగేళ్ళ నూకరాజు, అంతకుముందు యాభై తొమ్మిదేళ్ళ నూకరాజు ఆ చింతగింజలో చెక్కుచెదరకుండా ఉన్నాడు. అక్కడే ఉంటాడు.

కాసులమ్మ మళ్ళీ వేసింది. మళ్ళీ పచ్చరంగు. మూడోసారి వేయబోతుంటే హబీబ్ ఆమె ముందు కూర్చుని, వద్దమ్మా, నీ ముగ్గులో తప్పేమీ లేదని చెప్పాడు.

"మరి ఎనిమిది రోజులు ఆలీసమైందనాండి?" అని ఆమె వకుళ వైపు చూసి అడిగింది.

గదిలో నలుగురున్నారు. జవాబు తెలిసినవాళ్ళు ఇద్దరు. హబీబ్ వకుళ చెబుతుందని ఆగాడు. వకుళ నేల మీద రాలిన పిండి చూస్తూ ఉండిపోయింది. కాసులమ్మ అదే జవాబనుకుని తల ఊపింది.

ఆ వారం వకుళ రిపోర్టు రాసింది. 'రోగి బంధువు సకాలంలో తాళం తీయడానికి నిరాకరించినందున' అన్న మాట అందులో ఉంది. అందులో ఏ ఒక్క పదమూ అబద్ధం కాదు. హబీబ్ చదివి కాగితం ఆమె బల్ల మీద బోర్లించి పెట్టాడు. ఆ రోజునుంచి ఆమెను అక్కా అనలేదు. మేడమ్ అన్నాడు.

కావలికి ఆ ఒక్క వాక్యం కూడా అదే వారం రాసింది. అరగంట పట్టింది. తరువాత ఏ రోగీ ఎక్కడా ఆగలేదు. డైరెక్టరు మెచ్చుకున్నాడు.

వకుళ ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఆమెకు నూకరాజు కాసులూ అన్న పిలుపు వినపడేది. కుళాయి దగ్గర వంగి దోసిలితో తాగడం అలవాటు చేసుకుంది. వీధిలో ఎవరి గుమ్మంలో ముగ్గున్నా అటు చూడకుండా రోడ్డు మధ్యనుంచి నడిచేది. ఒకసారి ఆటోవాడు బండి ఆపి తిట్టాడు కూడా. చెప్పేస్తే తేలికపడతానని కొన్నిరోజులు అనుకుంది. చెబితే ఆ ముసలావిడకు ఒరిగేదేముంది, మనిషి తిరిగి రాడు కదా అని మరికొన్నిరోజులు సర్దిచెప్పుకుంది. అలా నాలుగు నెలలు గడిచాయి.

నెలవారీ పరీక్షకు దుమ్ములపేట వెళ్ళొచ్చిన హబీబ్ ఒకరోజు, ఫైలు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు చెప్పాడు. కాసులమ్మ ముగ్గు వేయడం మానేసిందట. పండక్కి కూడా వేయలేదట. చుట్టుపక్కలవాళ్ళు అడిగితే, చచ్చినాయన మైల పట్టి బతికున్నాయన్ని పోగొట్టుకున్నాను, ఇంక ఈ చేత్తో ముగ్గేమిటి అందట.

వకుళ మర్నాడు పొద్దున్నే బయల్దేరింది.

గుమ్మం బోసిగా ఉంది. నీళ్ళు కూడా చల్లలేదు. కాసులమ్మ వసారాలో కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపలు కోస్తోంది. అవతల కుర్చీలో నూకరాజు మోకు ముక్క పేనుతున్నాడు. పేనినంత పేని, చివరికి వచ్చాక విప్పి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. చేతులకు గుర్తున్నది అదొక్కటే.

వకుళ నిలబడే చెప్పింది. ఆగిపోవడాలకు కారణం తను రాసిన ప్రోగ్రామేనని, దాన్ని ఎనిమిది రోజులు ఆపి ఉంటే ఏ ప్రమాదమూ లేకపోయేదని, ఆపితే తన తప్పు బయటపడుతుందని ఆపలేదని, తాళం తీయకుండా పేటిక తీయకూడదని తెలిసే తీశానని, నకలు తేదీ చూడలేదని, ఆ నకళ్ళను ఆపినదీ తన ప్రోగ్రామేనని. ముగ్గుకూ మైలకూ ఇందులో ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పింది. దారిలో అనుకున్న మాటలన్నీ అయిపోయాక కూడా కాసులమ్మ చేప కోస్తూనే ఉంది. ఆ చేప పూర్తయ్యాక కత్తిపీట వంచి, చేతులు కడుక్కుంది.

"అంటే ఆగొచ్చన్నమాట," అంది.

"ఆగొచ్చండి."

"ఆ మాట ఆ రోజు నీకు తెల్సు."

"తెలుసు."

"నాలుగు నెల్లు నన్ను నేను తిట్టుకుంటంటే, అదీ తెల్సు."

వకుళ తల ఊపింది. అమ్మాయిగారూ అన్న పిలుపు పోయిందని అప్పుడు గమనించింది. అది పోవడమే సబబుగా ఉంది.

కాసులమ్మ గడ్డంతో కుర్చీ వైపు చూపించింది. "ఆయనకి సెప్పు."

వకుళ కుర్చీ పక్కన కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నూకరాజు పేనడం ఆపి, పెద్దమనిషి తరహాలో శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక, ఎవరో పరాయి పిల్ల ఏడుస్తోందన్న జాలితో ఆమె తల నిమిరాడు.

"పర్లేదులేమ్మా. మిషన్లన్నాక సెడిపోతాయి. ఊరుకో."

వకుళ కళ్ళు తుడుచుకుని లేచింది. అడగకుండానే దొరికిన ఆ మాట ఆమెకు బరువుగా తోచింది గాని, ఎంత బరువో వెంటనే తెలియలేదు. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి కాసులమ్మ మాట వినిపించింది.

"రేపొచ్చి మళ్ళీ సెప్పు. పొద్దుటికి ఈయనకి గుర్తుండదు. నాకుంటది."

వకుళ ముందు ల్యాబుకు వెళ్ళి, రిపోర్టులో బంధువు నిరాకరించిందన్న మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టింది. ఆమెను కావలి పనినుంచి తప్పించి గోడౌనులో పాత పరికరాలు సరిచూసే పనిలో వేశారు. మర్నాడు పొద్దున దుమ్ములపేట వెళ్ళి చెప్పింది. ఆ మర్నాడూ వెళ్ళింది. కాసులమ్మ ఏ రోజూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నూకరాజు రోజూ కొత్తగా విన్నాడు, రోజూ కొత్తగా పర్లేదన్నాడు. ఒక రోజు కోప్పడితే బాగుండునని వకుళ దారి పొడవునా అనుకునేది. మూడో వారానికి, తను ఏం చెబుతున్నదీ తనకే పాఠం అప్పగించినట్టు ఉందని భయపడి, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టింది.

నెల తిరిగాక ఒక ఉదయం, గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. కాసులమ్మ పిండి గిన్నె పక్కన పెట్టుకుని, వంగి చుక్కలు పెడుతోంది. వకుళ వచ్చిందని తెలిసినా తలెత్తలేదు. దాటడానికి వీల్లేక వకుళ పక్కనుంచి వసారా ఎక్కి, కుర్చీ దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే చెప్పింది.

ఆ రోజు నూకరాజు మోకు కొస వేళ్ళ మధ్య తిప్పుతూ ఆలోచించాడు.

"ఎనిమిది రోజులు ఆగితే ఏటయ్యేదమ్మా?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అతను అడగలేదు.

"ఏమీ అయ్యేది కాదండి."

అతను పర్లేదనలేదు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, ఇంక చూడాలనిపించనట్టు గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ ఏడు చుక్కల చుట్టూ గీత మెలికలు తిరుగుతోంది. సరంగు కన్ను దాని వెంటే వెళ్ళింది, ఏ మోకు ఎక్కడ బిగుస్తుందో చూసుకునే పాత అలవాటుతో.

"ఆవిడెవరో గానీ," అన్నాడు, "ఎక్కడా సెయ్యి తొణకలేదు సూడు."

పిండి పట్టుకున్న వేళ్ళు ఆఖరి చుక్క దగ్గర ఆగాయి. అంతలోనే కదిలి, గీతను మొదలైన చోటికి తెచ్చి కలిపాయి.